తక్కువైన అంగుళం

నేను ఒక బూటును. కుడికాలి బూటును. ఎడమది కూడా ఉండేది. అది ఎలా పోయిందో తరువాత చెబుతాను. నా కొలత పదహారు. ఇక్కడి మగవాళ్ళ పాదాలు తొమ్మిది, పది దగ్గర ఆగిపోతాయి. పదకొండు అడిగితే దుకాణదారు "స్టాకు లేదండీ" అంటాడు. పదహారు అడిగితే జవాబే చెప్పడు, చూడ్డానికి రమ్మని లోపలివాళ్ళను కేకేస్తాడు. నన్ను చూసినవాళ్ళందరూ ఒకే పని చేశారు. తమ కాలు తెచ్చి నా పక్కన పెట్టి నవ్వారు. ఎమ్మెల్యేగారు నవ్వారు, ఆయన కారు డ్రైవరూ నవ్వాడు. మనుషుల్లో పెద్దా చిన్నా తేడాలున్నాయంటారు గానీ, హాస్యం దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే సైజు.

నేను పుట్టింది వియత్నాంలో. నన్ను కుట్టిన అమ్మాయి రెండు పాదాలూ ఒకేసారి నాలో పట్టేవి. ఆమె మాత్రం నన్ను చూసి నవ్వలేదు. నవ్వితే కుట్టు తప్పుతుంది, కుట్టు తప్పితే జీతం కోస్తారు.

నన్ను మొదట తొడుక్కున్నవాడు మార్కస్. దేశదేశాలూ తిరిగి కూలికి బాస్కెట్‌బాల్ ఆడే పరదేశి. బెజవాడలో కొత్తగా పెట్టిన జట్టువాళ్ళు అతన్ని ఒక సీజనుకు పిలిపించారు. జట్టు పేరు కృష్ణా కెరటాలు. యజమాని చల్లా విజయసారథిగారు అపార్టుమెంట్లు కట్టి అమ్ముతాడు. ఈ ఆటలో ఒక వైపు ఎంతమంది ఆడతారో ఆయనకు చివరిదాకా తెలియలేదు, తెలుసుకోవాలన్న కోరికా కలగలేదు. సీజను ముగిశాక మార్కస్ ఒక ఇత్తడి ఏనుగును కొనుక్కున్నాడు. విమానానికి పెట్టె బరువెక్కింది. ఏనుగు వెళ్ళింది, మేము మిగిలాము. జట్టు స్టోరు రూములో చిరిగిన నెట్ల కింద పడి ఉన్నాం, నేనూ ఎడమదీ, ఏలియా వచ్చేదాకా.

గద్దల ఏలియాది రేపల్లె. తల్లి ఎలీశమ్మ మిషను హాస్టల్లో వంట చేస్తుంది. వయసు ఇరవై ఒకటి. చిన్నప్పటి నుంచీ అతని ఎత్తు ఊరందరి సొత్తు. కరెంటు స్తంభం అన్నారు, తాటిచెట్టు అన్నారు, పైన వానొస్తోందా అని అడిగారు. క్లాసులో చివరి బెంచీ, ఫొటోలో చివరి వరస, బస్సులో మెడ వంచుకుని నిలబడటం. అందుకే అతనికి భుజాలు ముడుచుకుని నడిచే అలవాటు పట్టుకుంది. మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఒకరోజు బంతి చేతికిచ్చి, "ఇంత ఎత్తుండి ఏం చేస్తావురా, ఇది పట్టుకో" అన్నాడట. ఆ బంతి పట్టుకున్నప్పుడే మొదటిసారి నిటారుగా నిలబడ్డానని ఏలియా తోటి ఆటగాళ్ళకు చెబుతుంటే విన్నాను.

అతను జట్టులోకి వచ్చిననాడు వేసుకున్న బూట్లకు బొటనవేళ్ళ దగ్గర బ్లేడుతో కోసిన కిటికీలున్నాయి. కోచ్ పెనుమత్స వర్మగారు అవి చూసి, నన్ను నెట్ల కింద నుంచి లాగి దుమ్ము దులిపారు. వర్మగారిది భీమవరం. ఆట తెలిసిన మనిషి, ధైర్యం తెలియని మనిషి.

"కాలెట్టరా చూద్దాం" అన్నారు.

ఏలియా పెట్టాడు. వేళ్ళు నాలో సాగాయి. లేచి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చి చూసుకుని, "వేళ్ళు ముడుచుకోకుండా నిలబడొచ్చండీ దీంట్లో" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చిన మనిషికి అది వార్త. ఈ దేశంలో పొడుగువాణ్ణి చూసి ఆశ్చర్యపోవడానికి అందరికీ తీరిక ఉంది, అతనికి ఒక జత చెప్పులు కుట్టడానికి ఎవరికీ లేదు.

అతని ఆట గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇంకెవరూ చెప్పలేదు. ఏలియాకు చేతులు మంచివి. బంతి అతని చేతిలో పడితే చప్పుడయ్యేది కాదు. ఎవరు ఎటు కదలబోతున్నారో ముందే చూసి, అక్కడికి బంతి పంపేవాడు. కోర్టు మీద అతని కాళ్ళ కింద ఉన్నదాన్ని గనుక నాకు తెలుసు, పాసు ఇచ్చే ముందు కుడిమడమ కొంచెం తిరిగేది. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు మాత్రం అతని తల రింగుకు ఎంత దూరంలో ఉందో చూసేవారు. కామెంటరీ చెప్పేవాడు ప్రతి ఆటలోనూ "చూశారా ఆ హైటు" అనేవాడు. చూశారు. అది తప్ప ఇంకేమీ చూడలేదు.

జట్టు గెలవడం మొదలుపెట్టగానే సారథిగారికి ఆట మీద ప్రేమ పుట్టింది. ఆయన కడుతున్న ఏడంతస్తుల భవనానికి ఏలియా బొమ్మ పెట్టించాడు. ఊరంతా హోర్డింగులు: "ఏడడుగుల మనిషి, ఏడంతస్తుల మేడ." ఆ పని చూసిన మేనేజరు మేఘన. చురుకైన అమ్మాయి. ఏలియా ఇంటిపేరు తీసేసి ఒట్టి ఏలియా అని వేయించింది. గద్దల అంటే ఎవరో ఏమిటో తెలిసిపోతుందని ఆమె అనలేదు. పోస్టరు మీద పట్టదని అన్నది.

హోర్డింగులు లేచాక అవతలి జట్టువాళ్ళు ఎగతాళి మొదలుపెట్టారు. వాడు ఏడడుగులు లేడు, పక్కన నిలబడ్డవాళ్ళం మాకు తెలుసు, అని ఫోన్లలో రాతలు రాశారు. అప్పుడు సారథిగారికి ఏలియాను కొలవాలన్న ఆలోచన వచ్చింది. బోర్డులన్నీ ఎక్కించిన తరువాత వచ్చింది.

ఆఫీసులో కొలిచారు. కొలిచింది జట్టు ఫిజియో షహనాజ్. ఏలియా కాళ్ళూ చేతులూ నొప్పి పెడితే చూసేది ఆమే. అతన్ని వట్టికాళ్ళతో గోడకు నిలబెట్టి, స్టూలెక్కి గీత గీసింది.

"ఆరడుగుల పది" అంది.

"అదేంటమ్మా, హోర్డింగు మీద ఏడనుందిగా?" అన్నాడు సారథిగారు.

"హోర్డింగుని నేను కొలవలేదు సార్."

"బూట్లేసి కొలువు. బూట్లేసుకునేగా ఆడేది."

మమ్మల్ని తొడిగారు. మా అట్ట వల్ల ఇంకో అంగుళం వచ్చింది. సారథిగారు గోడ మీది గీతను చాలాసేపు చూశాడు, సరిహద్దు తగాదాలో పొలంగట్టును చూసినట్టు.

"ఇంకొక్క అంగుళం. ఒక్క అంగుళానికి ఊళ్ళో బోర్డులన్నీ పీకమంటారా?"

మేఘన కిటికీ వైపు చూసింది. వర్మగారు ఫ్యాను వైపు చూశారు. నోరు విప్పినవాడు ఏలియా ఒక్కడే. తప్పు చేసినవాడిలా తల గోక్కుంటూ, "ఇంకా పెరుగుతానేమో సార్" అన్నాడు.

నేను విన్న మాటల్లో ఇంత సిగ్గుపడాల్సిన మాట ఇంకొకటి లేదు, సిగ్గుపడాల్సింది అన్నవాడు కాకపోయినా. పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కువైపోయావని వెక్కిరింపులు తిన్నవాణ్ణి, ఆ గదిలో మొట్టమొదటిసారి, తక్కువయ్యావన్నారు. వాడు నమ్మాడు.

హోర్డింగు మార్చడం కంటే మనిషిని పెంచడం చౌక. మర్నాడు మేఘన ఒక నల్లటి రబ్బరు దిమ్మల జత తెచ్చింది. ఒకటి నా మడమలో దిగింది, ఇంకొకటి ఎడమదానిలో. బజారు మధ్యనున్న పెద్ద మాల్‌లో, బాజాలు పెట్టి, ఎమ్మెల్యేగారి చేత టేపు పట్టించి, జనం ముందు కొలిచారు. ఏడడుగులు. చప్పట్లు. ఎమ్మెల్యేగారి పక్కన నిలబడి ఫొటో దిగేటప్పుడు మాత్రం మేఘన అతని చెవి దగ్గర, "కొంచెం మోకాళ్ళు వంచు, సార్ మరీ పొట్టిగా పడుతున్నారు" అంది. పెంచినవాళ్ళే వంచారు. ఆ వంపు బరువంతా నేను మోశాను.

ఆ సాయంత్రం బస్సులో ఏలియా తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఏడడుగులంట నేను."

"ఎప్పుడు పెరిగావురా?"

"ఈ మధ్యేనమ్మా."

"పోన్లే, తిండి సరిగ్గా పెడతన్నారన్నమాట" అంది ఎలీశమ్మ.

ఫోన్ పెట్టేశాక అతను నవ్వుకున్నాడు. ఏలియా అమాయకుడని చెప్పను. ఆ అబద్ధం అతనికి బాగుంది. మాల్‌లో అరిచిన జనం అతనికి బాగున్నారు. ముడుచుకున్న భుజాలు విప్పుకుని నడవడం బాగుంది. మనిషికి పొగడ్త దొరికితే దాని కింద ఏ దిమ్మ ఉందో తీసి చూసుకోడు.

కొలత అయిపోయాక దిమ్మ తీసేస్తారనుకున్నాను. తీయలేదు. టీవీ అమ్మాయి రోజూ పక్కన నిలబడి మాట్లాడుతుంది, కెమెరా కిందినుంచి పైకి చూపిస్తుంది, ఎక్కడా తేడా రాకూడదన్నాడు సారథిగారు. ఏలియా దాంతోనే ఆడాడు. మడమ పైకి లేవడంతో చీలమండ నా అంచు దాటి బయటికొచ్చింది. వేళ్ళు ముందుకు జారి మళ్ళీ ముడుచుకున్నాయి. అతన్ని గట్టిగా పట్టుకోవడానికి నాకు ఆధారం లేదు.

సెమీ ఫైనలుకు ముందు డ్రెస్సింగు రూములో షహనాజ్ నేల మీద కూర్చుని అతని చీలమండకు పట్టీ చుడుతూ నాలో చెయ్యి పెట్టి చూసింది.

"ఇంకా ఇదుందా? తీసెయ్ ఏలియా."

"ఇవాళ లైవ్ అక్కా. దేశమంతా చూస్తారు."

"చూస్తారని చెప్పి విరగ్గొట్టుకుంటావా? ఎగిరి దిగేటప్పుడు మడమ నిలవదు. తిరిగిపోద్ది."

ఏలియా వర్మగారి వైపు చూశాడు. వర్మగారు గొంతు సవరించుకున్నారు. "ఈ ఒక్క మేచ్‌కీ కానిచ్చెయ్యరా. ఫైనలుకి తీయించేద్దాం, నేను మాట్లాడతాను సారుతో" అన్నారు. ఆయన సారుతో మాట్లాడతానన్న మాటలు పోగేస్తే ఒక గోనెసంచి నిండేది. షహనాజ్ నా లేసులు కొంచెం ఎక్కువ బిగించింది. ఆమె చేయగలిగింది అంతే అనుకుంది, నేనూ అంతే అనుకున్నాను.

ఆట మూడో భాగంలో రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఏలియా ఎగిరాడు. అందరికంటే పైన అందుకున్నాడు కూడా. దిగేచోట ఎవరిదో పాదం అడ్డుంది. అది ఆటలో మామూలే, నాలాంటి బూట్లను దాని కోసమే ఇంత ఎత్తు అంచులతో కుడతారు. కానీ మడమ నాలో లేదు, దిమ్మ మీద ఉంది. అది పక్కకు జారింది, చీలమండ తిరిగింది, దానితోపాటు మోకాలు తిరిగింది. తడి బట్ట పిండినట్టు ఒక శబ్దం వచ్చింది. గ్యాలరీకి వినపడలేదు, నాకు వినపడింది. ఏలియా అరవలేదు. బంతిని పక్కవాడికి పాసు చేసి, ఆ తరువాత పడిపోయాడు. ఆ పాసుతో కెరటాలకు రెండు పాయింట్లొచ్చాయి. జనం లేచి కేకలు వేశారు, పడినవాణ్ణి చూసేదాకా.

ఆసుపత్రిలో కాలు వాచి నేను ఊడి రాలేదు. కత్తెరతో లేసులూ నాలుకా కోసి నన్ను తీశారు. మేఘన అప్పటికే అక్కడుంది. నాలోని దిమ్మ లాగి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఎడమ బూటు అతని రెండో కాలికే ఉంది. దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తెలివైనవాళ్ళు తొందరలో సగం సాక్ష్యమే దాస్తారు.

నాలుగు రోజుల తరువాత పత్రికల వాళ్ళను పిలిచారు. ఏం చెప్పాలో అంతకు ముందే సారథిగారు ఆసుపత్రికి వచ్చి ఏలియాకు నేర్పాడు. కొత్త బూట్లు తెప్పిస్తామంటే ఏలియాయే వినలేదు, మార్కస్ వదిలేసిన పాత బూట్లంటే సెంటిమెంటు, అవి జారి పడ్డాడు. ఇదీ కథ. ఏలియా సరేనన్నాడు. నన్ను నిందిస్తున్నందుకు అతనికి బాధ కలిగిందని నేననుకోను. సరే, బూటునే కదా.

బల్ల మీద తెల్లబట్ట పరిచి, మంచినీళ్ళ సీసాల పక్కన నన్ను పెట్టారు. ఏలియా చంకకర్రలతో వచ్చి కూర్చున్నాడు. కుడికాలికి కట్టు, ఎడమకాలికి నా జత. అతని కాలికి పట్టే చెప్పు ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు.

సారథిగారు నన్ను రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. "చూడండి, అట్ట ఎట్టా అరిగిపోయిందో. ఏలియా నా బిడ్డలాంటోడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు."

ఒక విలేకరి లేచాడు. "మరి బూట్లు ఎలా ఉన్నాయో ఫిజియో చూసుకోవాలి కదండీ?"

సారథిగారికి ఇది ముందు తట్టలేదు. తట్టగానే ముఖం విచ్చుకుంది. "కరెక్టుగా అడిగారు. అది ఆవిడ డ్యూటీయే. చూడకుండా కోర్టులోకి పంపింది. అందుకే ఆవిణ్ణి తీసేశాం."

షహనాజ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏలియాకు వేళకు వేసుకోవాల్సిన మాత్రలు పట్టుకొచ్చింది. తనను తీసేసిన సంగతి ఆమెకు అందరితోపాటే తెలిసింది. మాత్రల కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"సార్, ఆ మాటొద్దు" అన్నాడు ఏలియా. మెల్లగానే అన్నాడు, మైకు దగ్గరగా ఉండటం వల్ల హాలంతా వినపడింది.

"ఏంటి బాబూ?"

"అక్క ముందే చెప్పింది. తీసెయ్యమంది. నేనే ఇనలేదు."

"ఏం తీసెయ్యమన్నారు?" అని విలేకరి అడిగాడు.

ఏలియా వంగాడు. కట్టుతో ఉన్న కాలు చాపి, బల్ల అంచు పట్టుకుని వంగడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు, అందరూ కెమెరాలు సర్దుకుంటున్నారు. ఎడమ బూటు విప్పి, దానిలోంచి నల్ల దిమ్మ తీసి, నా పక్కన పెట్టాడు.

"నా ఎత్తు ఆరడుగుల పది. ఏడు కాదు. బూట్లది ఒక అంగుళం. మిగిలింది ఇది."

మేఘన మైకు తీగ ఎక్కడుందో వెతకసాగింది. సారథిగారు దిమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వర్మగారు చివరి కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నారు. ఆయన వేసుకున్నవి చెప్పులు.

విలేకరి అడిగిన తరువాతి ప్రశ్న ఇది: "అంటే ఇన్నాళ్ళూ ప్రజల్ని మోసం చేశావా?"

"చేశానండి" అన్నాడు ఏలియా.

ఒక్కడంటే ఒక్కడు సారథిగారి వైపు తిరగలేదు. ఆయన ప్రకటనలు ఇస్తాడు, ఏలియా ఇవ్వడు. ఆ రాత్రి అన్ని ఛానళ్ళలోనూ తెర అడుగున "గద్దల ఏలియా మోసం" అన్న అక్షరాలు పరుగెత్తాయి. పోస్టరు మీద పట్టని ఇంటిపేరు అక్కడ చక్కగా పట్టింది. ఎడమ బూటును ఒక ఛానలువాళ్ళు ఎత్తుకుపోయారు. రెండు రోజులు దాన్ని బల్ల మీద పెట్టి నలుగురు పెద్దమనుషులు వాదించుకున్నారు. ఆ తరువాత అది ఏమైందో తెలియదు. హోర్డింగుల మీద "ఏడడుగుల మనిషి" అన్నచోట తెల్ల రంగు కొట్టి, "ఏడంతస్తుల మేడ" ఉంచేశారు. ఫ్లాట్లు అమ్ముడుపోయాయి.

వర్మగారు ఫోన్ చేసి, "నేను నీ వైపేరా, పైకి చెప్పలేనంతే" అన్నారు. ఏలియా, "సరే మాస్టారూ" అన్నాడు. అంతకంటే ఎక్కువ మర్యాద ఆయనకు ఆ రోజుల్లో ఎవరూ చేసి ఉండరు.

ఏలియా రేపల్లెకు తిరిగి వచ్చేశాడు. భుజానికి తగిలించుకొచ్చిన సంచిలో నేనున్నాను. మోకాలికి ఆపరేషన్ అయింది. షహనాజ్‌కు తెనాలిలో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. కట్టు విప్పాక అతను రైల్లో అక్కడికి వెళ్ళి ఆమె దగ్గర వ్యాయామాలు చేసేవాడు. ఇంట్లో చెప్పుకోగా విన్నాను: "మళ్ళీ ఎగురుతానా అక్కా?" అని అడిగితే, "మునుపటిలా ఎగరలేవు" అని మొహం మీదే చెప్పిందట. అతను కోపం వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. గోడకు తిరిగి పడుకున్నాడు. ఎలీశమ్మ అన్నం పెట్టిన కంచం అలాగే ఉండేది.

"అబద్ధం చెప్పినోళ్ళ దగ్గరికి పరిగెత్తావు. నిజం చెప్పిందని ఈ పిల్ల మీద అలుగుతావేరా?" అంది ఆమె ఒకరోజు, కంచం తీస్తూ.

మర్నాడు అతను రైలెక్కాడు.

ఏడాదిన్నర పట్టింది. రెండు జట్ల వాళ్ళు ట్రయల్స్‌కు పిలిచి, ఎగరమని చూసి, పంపేశారు. మూడోది కోయంబత్తూరులో ఒక క్లబ్బు. అక్కడి కోచ్ అతన్ని ఎగరమనలేదు. ఆడమని, ఒక పూటంతా చూసి, "ఈ పాసులు ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడట. ఏలియా ఆ మాట తల్లికి ఫోనులో నాలుగుసార్లు చెప్పాడు. ఇప్పుడు అతను ఆ క్లబ్బుకు ఆడుతున్నాడు. ఎక్కువ భాగం బెంచీ మీదే. ఆట సగమయ్యాక దిగి, కుంటినట్టు కనపడని కుంటుతో అటూ ఇటూ తిరిగి, నాలుగు మంచి పాసులిచ్చి వస్తాడు. పేపర్లో పేరు రాదు. అతని కాలికి కొత్త బూట్లున్నాయి. వాటి గురించి నాకేమీ మంచి అభిప్రాయం లేదు.

నా సంగతికొస్తే, ఎలీశమ్మ నన్ను పారేయబోయింది. ఎవరికీ పట్టని వస్తువు, పైగా ఒంటిది. ఏలియా వద్దని, వసారా చూరుకు మేకు కొట్టి తీగతో వేలాడదీశాడు. ఎందుకో చెప్పలేదు. ఈ ఎండాకాలం ఒక పిచ్చుకల జంట గడ్డీ దూదీ తెచ్చి నాలో నింపింది. ఆ రెండూ నన్ను చూసి నవ్వలేదు, తమ కాళ్ళు నా పక్కన పెట్టి చూసుకోలేదు.

కిందటి వారం ఏలియా సెలవుకు వచ్చాడు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వసారాలోకి వస్తే ఎలీశమ్మ బియ్యం ఏరుతూ అడిగింది.

"ఏలియా, ఆ బూట్లో గుడ్లెన్నున్నాయో చూడరా. నాకు స్టూలేసుకున్నా అందదు."

అతను వట్టికాళ్ళతో నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. వంగలేదు, మడమలెత్తలేదు. నా లోపలికి నేరుగా చూశాడు.

"మూడమ్మా. పిల్లలయ్యాయి."

"కళ్ళు తెరిచాయా?"

"ఒకటి తెరిచింది. నన్నే చూస్తోంది."

నిజమే, చూసింది. రేపల్లె నుంచి బెజవాడ దాకా అతని ముఖం చూసి నోరు తెరవనివాళ్ళను నేనెరగను. ఇదీ తెరిచింది. దీనికి మాత్రం ఆకలేసింది.